గళ్ల పుస్తకం సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నలుగురైదుగురు అమ్మలు నాతో ఒకే మాట అన్నారు: “రఫ్ నోట్సు నిండా గళ్లూ, గళ్లలో బొమ్మలూనండి. లెక్కలెక్కడ?” తప్పు నాదే. 9వ తరగతి వాళ్లతో నాలుగు నిమిషాల సినిమా తీయిస్తున్నాం. ఆ గళ్లు దాని స్టోరీబోర్డు, అంటే తీయబోయే షాట్లని ముందే వరసగా గీసుకున్న బొమ్మలు.

కథ చిన్నదే. అమ్మమ్మకి అన్నం తీసుకెళ్తున్న కుర్రాడు నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగేటప్పుడు క్యారేజీ మరిచిపోతాడు. మొదటి ఆదివారం బొమ్మలేమీ గీసుకోకుండా ఫోను పట్టుకుని వెళ్లిపోయాం. నేనూ ఉన్నాను. సోమవారం కంప్యూటర్ గదిలో వేసి చూస్తే నవ్వాపుకోలేకపోయాం. ఒక షాట్‌లో కుర్రాడు కుడివైపుకి నడుస్తాడు, తర్వాతి దాంట్లో ఎడమవైపుకి. రేవు దాకా వెళ్లి ఇంటికి తిరిగొచ్చేస్తున్నట్టుంది. అన్నిటికన్నా ఘోరం, క్యారేజీ మరిచిపోయే షాట్ అసలు తియ్యనేలేదు!

ఇప్పుడు 22 గళ్లు గీశారు. ప్రతి గడిలో ఒక బాణం గుర్తు, మనిషి ఎటు నడవాలో. కింద ఒక చుక్క, ఫోను ఎక్కడ పట్టుకోవాలో. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, పుల్లల మనిషైనా చాలు. 14వ గడి చూడండి: పంటు బల్ల మీద క్యారేజీ ఒక్కటే, వెనకాల దిగిపోతున్న జనం కాళ్లు. కుర్రాడి మొహం లేదు. మొహం ఉండాలా వద్దా అని అరగంట తగువు జరిగింది. క్లాసులో నోరు విప్పని పిల్ల గీసిన గడి అది, ఆ అమ్మాయే గెలిచింది.

నరసాపురంలోనే 1933లో పుట్టిన బాపు గారు కూడా తీయబోయే షాట్లు ముందే బొమ్మలుగా వేసుకునేవారు. తొలి సినిమా ‘సాక్షి’ (1967) తీసిందీ ఈ గోదావరి ఒడ్డున పులిదిండిలోనే. ‘పథేర్ పాంచాలి’ (1955)కి సత్యజిత్ రాయ్ నమ్ముకున్నదీ ఓ బొమ్మల పుస్తకాన్నే. జపాన్ దర్శకుడు కురొసావా అయితే ‘రాన్’ (1985)కి డబ్బు కుదరని ఏళ్లలో ఆ సినిమానంతా రంగుల్లో వేసుకుంటూ కూర్చున్నాడు. వాళ్లకి రీలు ఖర్చు. మాకు ఆ బెంగ లేదు గానీ, పంటు మాకోసం ఆగదు కదా!

రెండో శనివారం ఉదయం ఏడింటికి మళ్లీ వెళ్తున్నాం. పిల్లల వెంట ముగ్గురు టీచర్లు ఉంటారు. అనుమతి చీటీ మీద సంతకం చేసి పంపండి. లెక్కలకి వేరే నోట్సు పెట్టించాను. సొట్టపడిన పాత స్టీలు క్యారేజీ ఎవరింట్లోనైనా ఉంటే ఇప్పించండి. కొత్తది వద్దు, ఎండకి మెరిసి ఫోనులో ఏమీ కనపడనివ్వదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని