పెదనాన్నగారి తుపాకికి న్యాయమైన ధర

కాకినాడ

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం అందింది. పెదనాన్నగారి జంట గొట్టాల తుపాకిని పెద్దన్నయ్య ఉంచుకుంటానన్నారనీ, దానికి ధర కట్టి మిగిలిన ముగ్గురికీ వాటా ఇవ్వాలనీ, ఒకరు లక్షల్లో చెబుతుంటే ఇంకొకరు పాత ఇనుము కింద కూడా పోదంటున్నారనీ రాశావు. నువ్వు కోరినట్టే, ఆయన పోయాక మీరు దాన్ని డిపాజిట్ చేసిన డీలరుగారి దుకాణానికి వెళ్లి, ఆయన చేతనే విప్పించి, తీరిగ్గా చూసి వచ్చాను. పాడైన తుపాకికి ధర కట్టడమంటే నాకెంతో ఇష్టమైన పని కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. రెండు గొట్టాల నడుమ ఉన్న పట్టీ మీద మాంటన్ అండ్ కంపెనీ, కలకత్తా అని చెక్కి ఉంది కాబట్టి, లండన్‌లో మహా ప్రసిద్ధుడైన తుపాకుల పనివాడు జోసెఫ్ మాంటన్ స్వహస్తాలతో చేసినదని మీ ఇంట్లో చెప్పుకుంటున్నారు. ఆ మాట నిలవదు. జోసెఫ్ మాంటన్ 1835లో చనిపోయాడు. మీ తుపాకిలో గుర్రాలు, అంటే తూటాను పేల్చే దెబ్బ కొట్టేవి, బయటికి కనబడకుండా లోపలే అమరిన ఏర్పాటు ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో కనిపెట్టినది. పైగా గొట్టాల అడుగున ఉన్న పరీక్ష ముద్రలు, అంటే కిరీటం కింద బీవీ, బీపీ, ఎన్‌పీ అనే అక్షరాలు, తుపాకుల గట్టిదనం పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 నుంచి 1954 దాకా వేసినవి. ఆ రోజుల్లో కలకత్తా, మద్రాసు దుకాణాలు చాలావరకు బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేయించి తమ పేర్లు చెక్కించి అమ్మేవి. కాబట్టి ఇది మంచి వంశంలో పుట్టిన సాదా తుపాకి. పేరుకు కొంత విలువ ఉంటుంది గాని, లక్షలు పలికే విలువ కాదు. ఎన్‌పీ ముద్ర ఉండటం మాత్రం నిజమైన మేలు, ఎందుకంటే పొగరాని తుపాకిమందుకు ఆ గొట్టాలను పరీక్షించారని దాని అర్థం.

ఇక తుపాకి ప్రాణమంతా గొట్టాల్లోనే ఉంటుంది కనుక నేను ఎక్కువసేపు వాటి దగ్గరే గడిపాను. గొట్టాల కింద ఉండే ముందరి చెక్కనూ, భుజానికి ఆన్చే చెక్క అయిన మడమనూ విడదీశాక, గొట్టాల జంటను అడుగున ఉన్న కొక్కెం దగ్గర వేలికి తగిలించి డీలరుగారు వేలాడదీసి పట్టుకున్నారు. నేను వేలి కణుపుతో తట్టాను. చిన్న గంట కొట్టినట్టు తేటగా మోగి, ఆ మోత కాసేపు సాగింది. పట్టీల అతుకు ఎక్కడైనా విడిపోయి ఉంటే బొంగురుగా జరజరమనేది. ఇంత దెబ్బతిన్న తుపాకిలో అతుకులు చెక్కుచెదరలేదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం నీకు ఎలా చెప్పను! ఆ తర్వాత గొట్టంలోంచి కిటికీ వెలుతురును చూస్తే, లోపల వలయాలు వలయాలుగా కనబడే కాంతి కుడి గొట్టంలో ఒకచోట విరిగింది. అక్కడ బయట వేలితో తడిమితే చిన్న నొక్కు తగిలింది. అది పనివాడు లోపల దిమ్మ పెట్టి ఎత్తగలిగినదే. ఎడమ గొట్టం సంగతి మాత్రం వేరు. కాల్చాక శుభ్రం చేయకుండా కోనసీమ తేమలో ఏళ్ల తరబడి పెట్టినందువల్ల, కొసకు దగ్గరగా జానెడు మేర తుప్పు గుంటలు పడ్డాయి. వాటిని అరగదీసి నునుపు చేయించవచ్చు, కాని అరగదీసిన కొద్దీ గోడ పలచబడుతుంది. బ్రిటిష్ పనివాళ్లు గోడ మందం అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులకు, అంటే సుమారు అర మిల్లీమీటరుకు తగ్గితే ఆ గొట్టాన్ని నమ్మరు. లోవ్యాసం కూడా ముద్రలో ఉన్న కొలతకంటే వెయ్యింట పది వంతులకు మించి పెరిగితే ఆ ముద్ర చెల్లదంటారు. ఈ రెండు కొలతలూ తీసే సాధనం డీలరుగారి దగ్గర లేదు. ధర మొత్తం వాటి మీదే ఆధారపడి ఉంది.

మిగతావి తొందరగా చెబుతాను. ముందరి చెక్క తీసి మడమ మెడ పట్టుకుని ఊపితే గొట్టాలు కదులుతున్నాయి, కీలు అరిగింది. తూటా అడుగున పొడిచి పేల్చే సూదుల్లో ఒకటి విరిగింది. మడమ మెడ దగ్గర పగిలితే ఎవరో వడ్రంగి ఇత్తడి రేకు చుట్టి మేకులు కొట్టాడు. ఆ మేకుల వల్ల చీలిక ఇంకా లోపలికి పాకింది. గొట్టాలను ఎవరో గరుకు కాగితంతో రుద్ది నల్లరంగు పూయడంతో, పట్టీ మీది అక్షరాలు సగం అరిగిపోయాయి. ఈ చివరి పని చూసి నాకు బాధ కలిగింది, తుప్పును అలాగే వదిలేసినా ఇంత నష్టం జరిగేది కాదు.

ఇప్పుడు లెక్క. ఇదే తరహా బర్మింగ్‌హామ్ తుపాకి దిట్టంగా ఉన్నది మన డీలర్ల దగ్గర ఈ రోజు ఎంత పలుకుతుందో ఇద్దరు ముగ్గురిని అడుగు. దాన్ని పదహారణాలు అనుకో. ఇంగ్లండు వేలంపాటల ధరలు చూడకు. అక్కడ ఇలాంటి సాదా తుపాకులు చాలా చౌక. ఇక్కడ 1980ల నడుమ నుంచి వ్యక్తులకు దిగుమతులు దాదాపు ఆగిపోవడంతో పాతవాటికే గిరాకీ నిలిచింది. ఆ పదహారణాల్లోంచి మడమకు మూడణాలు, కీలుకు రెండణాలు, నొక్కుకూ సూదికీ కలిపి ఒక అణా, రుద్ది పాడుచేసినందుకు ఒక అణా, ఎడమ గొట్టానికి మూడణాలు తీసేస్తే ఆరణాలు మిగులుతాయి. మరమ్మతు ఖర్చుతో పాటు, పని సరిగ్గా కుదరకపోతే కొన్నవాడు భరించే నష్టం కూడా ఇందులో కలిపాను. అయితే ఇదంతా గోడ మందం సరిపోతేనే. సరిపోకపోతే అది కాల్చడానికి పనికిరాని తుపాకి, విడిభాగాల కోసం ఎవరైనా కొంటే రెండణాలు, అంతకు మించి అడగడం ధర్మం కాదు.

విరిగిన తుపాకికి లైసెన్సు అక్కర్లేదని చిన్నన్నయ్య అన్నారని రాశావు. ఆయనను ఆ మాట మళ్లీ అననివ్వకు. 1959 ఆయుధాల చట్టం మినహాయించేది మరమ్మతు చేసినా పేలనివాటిని మాత్రమే. మీది మరమ్మతుకు లొంగేది. గొట్టం కొస కోయించి తుప్పు వదిలించుకుందామన్న ఆలోచన కూడా మానుకోండి, అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం నేరం. పెద్దన్నయ్య పేరు మీద ఇప్పటికే రెండు తుపాకులుంటే 2019 సవరణ ప్రకారం వారసత్వంగానైనా మూడోది ఆయనకు రాదు, కనుక ధర మాట్లాడేముందు ఆయన లైసెన్సు పుస్తకం చూడు.

నా సలహా ఇది: కొలతలు తీయించకముందే ఆరణాల ధర, రెండణాల ధర రెండూ కాగితం మీద రాసి నలుగురి చేతా సంతకాలు పెట్టించు. కొలత తేలాక ఏది వర్తిస్తే అదే ధర, ఇక ఎవరూ మాట మార్చడానికి వీలుండదు. కొలిచే పని లైసెన్సున్న పెద్ద డీలరు చేతనే జరగాలి, రవాణా కూడా మన డీలరుగారి ద్వారానే నడవాలి. పెదనాన్నగారి పాత లైసెన్సు పుస్తకమూ, ఎక్కడైనా దొరికితే కొన్న రసీదూ పంపించు. రసీదు ఉంటే ఒక అణా పెంచి చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. ఈలోగా గొట్టాల లోపల పలుచగా నూనె రాయించమని డీలరుగారికి చెప్పి వచ్చాను. వదినగారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ రాఘవ