ఎనిమిది గంటల తర్వాత ముఖం

ఏమే,

నీ మేకప్ కోర్సు సర్టిఫికెట్ ఫొటో చూశాను. దాన్ని గుండెలకు ఆనించుకుని నువ్వు నవ్విన నవ్వు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఫొటో పెద్దది చేసి చూశాను చూడు, ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు! ఆ రోజు హడావిడిలో నీ బేస్, అదే ఫౌండేషన్, నువ్వే వేసుకుని ఉంటావు, అదీ బాత్రూం బల్బు వెలుగులో. తిట్టుకోకు, ఈ రోగం నాకూ ఉండేది. ఫోన్లో చెబుదామంటే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం నన్ను చెప్పనివ్వకుండా నువ్వే మాట్లాడేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"ఇప్పుడేం చేయను, అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరనా, కిట్ పెంచనా?" అని అడిగావు. ప్రస్తుతానికి రెండూ వద్దు. కోర్సు ఎప్పుడైనా చేయొచ్చు. కిట్ సంగతంటావా, అది మనం వద్దన్నా పెరుగుతూనే ఉంటుంది. నీకిప్పుడు కావాల్సింది ముఖాలు. క్లాసులో మీరంతా ఒకరికొకరు వేసుకున్నారు, అందరివీ ఇరవై ఏళ్ల చర్మాలే. రేపు నీ కుర్చీలో కూర్చునేవాళ్లు అలా ఉండరు. ఒకరికి ముక్కు మీద జిడ్డు కారుతుంటుంది, బుగ్గలు మాత్రం పొడిబారి పొట్టు లేస్తుంటాయి. ఒకరికి మంగు మచ్చలు, ఒకరికి నిన్ననే వచ్చిన మొటిమ. యాభై దాటినావిడ వస్తుంది, అసలు మేకప్ అంటేనే గిట్టనావిడ కూతురి బలవంతం మీద వస్తుంది.

ఇంకో సంగతి చెప్పనా? వేయడం అయిపోయిన ఆ నిమిషంలో ఎవరి మేకప్ అయినా బాగానే ఉంటుంది. నీదీ నాదీ, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లదీ. తేడా తెలిసేది ఎనిమిది గంటలు పోయాక. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను, నవ్వకు.

కొత్తలో ఒక పెళ్లికూతురికి వేశాను. అద్దంలో ఎంత బాగుందంటే, వాళ్లమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. నేను గాల్లో తేలుకుంటూ ఇంటికొచ్చాను. వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఏమీ అనుకోకండి, ఫొటోల్లో నా కళ్ల కింద సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది" అంది, పాపం ఎంతో మర్యాదగా. డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాను. వద్దంది. తిట్టి ఉంటే ఇంకా నయం అనిపించింది.

తప్పు నాదే. కళ్ల కింద నలుపు దాచే కన్సీలర్ కదలకూడదని మెత్తటి తెల్ల పౌడర్ దట్టంగా వేశాను. అలాంటి పౌడర్లలో చాలావాటిలో సిలికా ఉంటుంది. ఆ కింద వేసిన ఫౌండేషన్లో సన్‌స్క్రీన్ కూడా ఉంది, అంటే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్. మామూలు వెలుతురులో కంటికి ఏమీ కనిపించదు. ఫ్లాష్ ఎదురుగా పడిందంటే మాత్రం ఆ వెలుగును తిప్పి కెమెరాకే కొడతాయి. ఇవన్నీ నోట్సులో ఉన్నాయి, పరీక్షలో రాశాను కూడా! చేతిలో బ్రష్ ఉన్నప్పుడు గుర్తు రాలేదంతే. అప్పటినుంచి క్లయింట్‌ను కుర్చీలోంచి లేవనిచ్చే ముందు ఫోన్లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీస్తాను. ముఖం, మెడ, చెవులు కూడా పడేలా. చెవుల్ని మర్చిపోవద్దు. ఎర్రటి చెవుల మధ్య సమంగా ఉన్న ముఖం మాస్కు పెట్టుకున్నట్టుంటుంది.

ఆ తర్వాత ఇంకో అలవాటు చేసుకున్నాను. నీకు చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే. సెలవు రోజు పొద్దున్నే నా ముఖాన్ని రెండుగా పంచుకుంటాను. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్ ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఇంకోటి. లేదా ఒక వైపు స్పాంజ్, ఒక వైపు బ్రష్. ఒక్కసారికి ఒక్క తేడానే, రెండు మార్చావంటే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. ఇక ఆ ముఖంతోనే ఇల్లు ఊడుస్తాను, బయటికెళ్తాను, చెమట పడతాను. సాయంత్రం కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని చూస్తాను. ముక్కు పక్కల ముందు పోతుంది, తర్వాత గడ్డం. నవ్వినప్పుడు పడే గీతల్లో మిగిలిందంతా చేరి సన్నటి దారాల్లా కనిపిస్తుంది. ఏ వైపు ఎలా ఉందో పుస్తకంలో రాసుకుంటాను. ఆ చిరిగిన నోట్‌బుక్ నాకు నేర్పినంత ఏ వీడియో నేర్పలేదు. వీడియోల్లో ఎనిమిది గంటల తర్వాత ముఖం ఎవరూ చూపించరు కదా.

అలాగే ఒకరోజు దొరికింది ఒక చిక్కు. బుగ్గ మీద స్పాంజ్ తడుతుంటే రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులాంటిది ఉండలు ఉండలుగా లేవడం మొదలైంది. ఫౌండేషన్ పాడైపోయిందనుకున్నాను. చూస్తే కింద సిలికాన్ ప్రైమర్, పైన నీళ్లతో చేసిన ఫౌండేషన్. రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవు. దానికి తోడు మాయిశ్చరైజర్ ఆరకముందే తొందరపడ్డాను. ఇప్పుడు మాయిశ్చరైజర్ రాశాక క్లయింట్‌తో మాట్లాడుతూ కొన్ని నిమిషాలు ఊరికే ఉంటాను. అప్పుడే బ్రష్‌లు సర్దుకుంటాను, ఎలర్జీలు అడుగుతాను. అది వృథా టైమ్ కాదే, పనిలో భాగమే.

ఫౌండేషన్ షేడ్ సంగతికి వద్దాం. నీ ఫొటో చూశాక ఇది రాయకుండా ఉండలేను. చేతి మీద చూసి షేడ్ తీసుకోకు, చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ ఎముక నుంచి మెడ మీదికి మూడు గీతలు దగ్గర దగ్గర షేడ్లతో గీసి, కిటికీ వైపు తిప్పి చూడు. ఏది కనబడకుండా మాయమవుతుందో అదే ఆమెది. వెంటనే మురిసిపోకు, పది నిమిషాలు ఆగు. కొన్ని ఫౌండేషన్లు చర్మం నూనెతో, గాలితో కలిసి ఒక షేడ్ ముదురుతాయి. ఇంకొకటి, షేడ్ కుదిరినా చర్మం లోపలి ఛాయ, అదే అండర్‌టోన్ కుదరకపోతే ముఖానికి బూడిద పూసినట్టుంటుంది. చామనఛాయ, ఇంకా ముదురు రంగు వాళ్లకి ఈ అన్యాయం ఎక్కువ జరుగుతుంది. కళ్ల కింద నలుపుందని తెల్లటి కన్సీలర్ మీద కన్సీలర్ మెత్తుతారు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఆ నలుపులో చాలాసార్లు నీలం ఉంటుంది, నీలానికి విరుగుడు నారింజ. తెల్లటి చర్మానికి లేత పీచ్, ముదురు రంగుకి నిండు ఆరెంజ్, అదీ నలుపున్న చోట మాత్రమే పలచగా వేలితో అద్దు. పైన చర్మం రంగు కన్సీలర్ చిటికెడు చాలు. మందం సగానికి సగం తగ్గుతుంది, గీతల్లోకి దిగడమూ తగ్గుతుంది.

మా పెద్దత్త గుర్తుందా, గలగలా మాట్లాడుతుందే, ఆవిడే? ఒకసారి ఆవిడ ముఖం మీద ప్రాక్టీస్ చేశాను. కళ్లు మూయించి రెప్ప మడతలో, అంటే క్రీజ్‌లో బ్రౌన్ షేడ్ ఎంత చక్కగా బ్లెండ్ చేశానో! "తెరువత్తా" అన్నాను. తెరిచింది. అంతే, నేను వేసిందంతా రెప్ప మడతలోకి వెళ్లి దాక్కుంది. పైగా లైనర్ మడతకు తగిలి కనుబొమ్మ కింద అచ్చు పడింది. వాలిన రెప్పలకి కళ్లు తెరిపించి, తిన్నగా ఎదురుగా చూడమని, షేడ్ ఎక్కడ వేయాలో అప్పుడు చుక్క పెట్టుకోవాలి. షేడ్ అసలు మడతకి కాస్త పైన ఉండాలి. ఆవిడ మాత్రం అద్దంలో చూసుకుని "నువ్వేం వేశావే, నాకేం కనబడట్లేదు" అంది. ఆ రోజు అంతకన్నా నిజం ఇంకెవరూ చెప్పలేదు నాకు!

ఆవిడ నోరు ఆగదు కాబట్టి ఇంకోటి కూడా నేర్చుకున్నాను. మనం వేసేది కదలని బొమ్మకి కాదు. మధ్యమధ్యలో నవ్వించు, మాట్లాడించు, గీతలు పడ్డ చోట స్పాంజ్‌తో మెల్లగా తట్టి, అప్పుడు పౌడర్ ఒత్తు. రుద్దకు, ఒత్తు. హాలీవుడ్ మేకప్ నిపుణుడు మాక్స్ ఫ్యాక్టర్ 1914లో సినిమా వాళ్ల కోసం పలచటి మేకప్ తయారు చేసింది కూడా ఈ బాధకే. అప్పటిదాకా నాటకాల వాళ్లు వాడే మందపాటి రంగు ముఖం కదిపితే బీటలు వారేది. స్టేజీ మీద దూరానికి చెల్లిపోయింది. కెమెరా దగ్గరికొచ్చేసరికి దొరికిపోయింది. మన పరిస్థితీ అదే, ఇప్పుడు ప్రతివాళ్ల చేతిలోనూ కెమెరానే.

లైట్ గురించి రెండు ముక్కలు. పసుపు బల్బు కింద వేస్తే బ్లష్ కనపడక ఇంకా ఇంకా వేస్తావు, బయటికొచ్చాక చెంపదెబ్బ తిన్నట్టుంటుంది. కిటికీ దొరికితే కిటికీ. లేకపోతే 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య, అంటే పగటి వెలుగులా ఉండే, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 దాటిన లైట్ ఒకటి కొనుక్కో. ఇంకో ప్యాలెట్ కన్నా అదే ముందు. కుర్చీ కూడా ఎత్తుగా ఉండాలి. నేను వంగి వంగి చేసి నడుం పోగొట్టుకున్నాను, నీకైనా బుద్ధి ఉండనీ.

శుభ్రం గురించి నీకు క్లాసులో చెప్పే ఉంటారు. కానీ పని ఒత్తిడిలో మొదట పోయేది అదే. నేనొకసారి బ్రష్ మీద ఎక్కువైన పౌడర్ నోటితో ఊదాను. అద్దంలో క్లయింట్ కళ్లు నన్నే చూస్తున్నాయి. ఏమీ అనలేదు, మళ్లీ పిలవలేదు. ఇప్పుడు బ్రష్‌ను టిష్యూకి తట్టడమే. క్రీములు, లిప్‌స్టిక్కులు స్పాట్యులాతో ప్యాలెట్ మీదికి తీసుకో, డబ్బాలో బ్రష్ పెట్టకు. మస్కారా పుల్ల వాడి పారేసేది, ఒకసారి కంటికి తగిలింది మళ్లీ ట్యూబులోకి వెళ్లకూడదు. తెరిచిన ట్యూబు 3 నెలలకు మించి ఉంచకు. కాంపాక్టుల మీద 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా కొట్టి ఆరనివ్వు. 99 శాతం ఇంకా మంచిదనుకుంటారు, కాదు. అది ఇట్టే ఆవిరైపోతుంది. 70లో ఉన్న నీళ్ల వల్ల కాసేపు నిలిచి సూక్ష్మజీవుల పని పడుతుంది. కళ్లకలకతోనో పెదవి మీద పుండుతోనో ఎవరైనా వస్తే, ఎంత తెలిసినవాళ్లయినా, ఆ భాగం ముట్టుకోనని చెప్పెయ్. ఇది నాకు చెప్పడానికి ఏడాది పట్టింది, మొహమాటం.

లాషెస్ జిగురులో కొన్నిటికి లేటెక్స్ ఉంటుంది, కొందరికి పడదు. కాబట్టి అసలు రోజుకి ముందు వేసి చూసే ట్రయల్ రోజే కొంచెం చర్మం మీద రాసి ఒకటి రెండు రోజులు చూడమను. అతికించేటప్పుడు జిగురు రాయగానే పెట్టకు, అర నిమిషం ఆగితే పట్టుకుంటుంది. కొలత ఎక్కువైతే బయటి చివర కత్తిరించు, లోపలి వైపు కత్తిరిస్తే మూలన గుచ్చుకుంటుంది.

సీనియర్ దగ్గర కొన్నాళ్లు అసిస్టెంట్‌గా చేయమని మీ మేడమ్ అన్నారన్నావు. వెళ్లు, తప్పకుండా వెళ్లు. అక్కడ మొదట్లో నీ చేతికి ముఖం ఇవ్వరు, బ్రష్‌లు కడిగిస్తారు. నాకూ అవమానంగా అనిపించింది. కానీ నా సీనియర్ పక్కన నిలబడి చూసింది వేరు. నలుగురు తొందరపెడుతుంటే గొంతు పెంచకుండా ఎలా ఉండాలో, ఐలైనర్ రెండు వైపులా సమంగా రాకపోతే క్లయింట్‌కి తెలియకుండా ఇయర్‌బడ్‌తో ఎలా సరిచేయాలో. ఆవిడ ఏ క్లయింట్‌నీ "ఏం దాచాలి?" అని అడగదు. "మీ ముఖంలో మీకేది ఇష్టం?" అంటుంది. చాలామంది నోట మాట రాక కాసేపు ఆగిపోతారు. ఎవరైనా ఏ హీరోయిన్ ఫొటోనో చూపించి ఇలా కావాలంటే, "ఇందులో మీకు నచ్చింది కళ్లా, పెదవులా, ఆ మెరుపా?" అని తేల్చుకుంటుంది. అక్కడితో సగం గొడవ తీరిపోతుంది. నేను అదే కాపీ కొట్టాను, నువ్వూ కొట్టు.

ఫొటోలు పెట్టేటప్పుడు ఫిల్టర్ మాత్రం వద్దే. నీ పని చూసి వచ్చేవాళ్లకి ఫిల్టర్ చర్మం నువ్వు తెచ్చివ్వలేవు. పెట్టే ముందు ఆ ఫొటోలో ఉన్నవాళ్లని ఒక మాట అడుగు.

చేయి నొప్పి పుడుతోంది, ఆపేస్తున్నా. వచ్చే ఆదివారం పొద్దున్నే నీ కిట్ తీసుకుని రా. నీ ముఖం మీద ఎడమ వైపు నేను వేస్తాను, కుడి వైపు నువ్వు వేసుకో. కిటికీ దగ్గరే కూర్చుందాం. రాత్రి దాకా ముఖం కడిగావంటే ఊరుకోను.

నీ,
నడుం నొప్పిది