బుగ్గ నీళ్లలో ఏముందో బోర్డు మీద రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మహానంది గుడి కోనేట్లోని బుగ్గ (ఊట) నీళ్లలో మునిగితే కీళ్లనొప్పులు, గజ్జి, తామర పోతాయని మన కర్నూలు, నంద్యాల పల్లెల్లో గట్టి నమ్మకం. క్యాన్లకు పట్టుకొచ్చి ఇంట్లో రోజూ తాగేవాళ్లూ ఉన్నారు. మందనుకుని తాగే నీళ్లలో ఏముందో కోనేటి గట్టునే రాసిపెట్టాలని దేవాదాయ శాఖను కోరుతున్నాను.

నమ్మకంలో నిజం లేకపోలేదు. ఛాతీదాకా నీళ్లలో నిలబడితే మోకాళ్ల మీద బరువు సగానికి పైగా తగ్గుతుంది, బిగుసుకున్న కీలు కాస్త కదులుతుంది. చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా తగలడమూ నిజమే. ఊట వేడి ఏడాదంతా ఇంచుమించు ఒక్కటే, మారేది బయటి గాలి. తామర మాత్రం అంటువ్యాధి. స్నానం తర్వాత ఒకే తువ్వాలుతో ఇద్దరు తుడుచుకుంటే చాలు, రెండోవారికి పాకుతుంది.

తాగడం వేరే సంగతి. చెక్ దేశపు కార్లోవీ వారీలో 73 డిగ్రీల ఊట ఉంది. 18వ శతాబ్దంలోనే డేవిడ్ బెహెర్ అనే వైద్యుడు ఆ నీటి లవణాలను పరీక్షించి తేల్చాడు. ఈనాటికీ ఏ ఊట నీళ్లు, ఎంత, ఎప్పుడు తాగాలో అక్కడ వైద్యులే చెబుతారు. మన దగ్గర ముందు చూడాల్సింది ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనిచోట కూడా 1.5 దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. పక్కనున్న అనంతపురం పల్లెలకు ఈ బాధ కొత్తగా చెప్పాలా?

పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మే నెలలోనూ వానలు వెనకబట్టాకా చేయించాలి. నమూనా గుండం మూల నుంచి కాదు, ఊట నోటి దగ్గరే పట్టాలి. లవణాల పరీక్షకు లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. సూక్ష్మక్రిముల పరీక్షకు ఇచ్చే శుద్ధిచేసిన సీసాను మాత్రం తొలవకూడదు. దాన్ని మంచుపెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి అక్కడికక్కడే కొలవాలి. ఆలస్యమైతే నీళ్లలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, సున్నం అడుగున పేరుకుంటుంది, లెక్క తప్పుతుంది.

ఇంకొకటి. పారే నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ చల్లినా నిలవదు, కాలువలో కొట్టుకుపోతుంది. అందుకే తాగేందుకు పట్టుకునే కొళాయిని స్నానపు గుండాలకు ఎగువన, ఊట దగ్గరే పెట్టాలి. ఇలాంటి ఊటలే ఉన్న కాల్వబుగ్గలోనూ, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలోనూ ఇదే పద్ధతి పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు