పలక మీద రాత చేతిపని కాదా, మంత్రిగారూ?

గౌరవనీయులైన హస్తకళల శాఖ మంత్రిగారికి విజయనగరం నుంచి నమస్కారాలు.

నేను పింగాణీ పలకల మీద అరబీ అక్షరాలు, అరబెస్క్ తీగలు చిత్రించి కాల్చి ఇస్తాను. మసీదులకు, ఇళ్ల గుమ్మాలకు పెట్టుకుంటారు. చేతివృత్తులవారికి తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ విశ్వకర్మ పథకం కోసం నేను పంపిన వినతులకు రసీదులు వచ్చాయి కానీ జవాబు రాలేదు.

ఆ పథకం జాబితాలోని 18 వృత్తుల్లో నాకు చోటు లేదట. కుమ్మరిగా రాసుకోమంటే సారె ఎక్కడని అడుగుతారు. తాపీ పని అందామంటే నేను గోడ కట్టను. శిల్పి అందామంటే ఉలి పట్టను. చివరికి ఒక అధికారి ‘టైల్స్ ఫ్యాక్టరీ సరుకు కదమ్మా’ అని నా కాగితాలు పక్కన పెట్టేశారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

అయ్యా, యంత్రాలు ముద్రించిన పలకలు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వస్తాయి, నిజమే. నేను మాత్రం సులుస్ అనే అరబీ రాత శైలిలో, మొదటి అక్షరమైన అలిఫ్ ఎత్తును కలం మొన చుక్కలతో కొలిచి కాగితం మీద రాస్తాను. ఆ గీత వెంట సూదితో పొడిచి, బొగ్గుపొడి అద్ది పలక మీదికి దించుతాను. కోబాల్టు నీలం కాలితేగాని తేలదు. ఎంత ముదిరిందో బట్టీ తలుపు తీసేదాకా తెలియదు. ఒక వాక్యం 12 పలకల మీద పరుచుకుంటుంది. అందులో ఒక్కటి బీటలిస్తే అక్షరం రెండు ముక్కలైనట్టే. మళ్లీ చేసిన పలక రంగు పాతవాటితో కలవదు, మొత్తం మొదటినుంచి చేయాలి. కాలుతుండగా కరెంటు పోతే ఆ విడత అంతా పాడే. పగిలినవాటిని చెత్తలో వేయలేను, వాటి మీద దైవవాక్యం ఉంటుంది. ఈ నష్టమంతా అధిక వడ్డీకి తెచ్చిన అప్పుతో మోస్తున్నాను. ఆ పథకం కింద 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల అప్పు అందితే అద్దె బట్టీ బాధ తప్పుతుంది.

ఇది మనకు పరాయి కళ కాదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీలు కట్టించిన మొహర్రం సంతాప మందిరం బాద్షాహీ అషూర్‌ఖానా గోడల మీది పలకలు చూడండి. 1908 మూసీ వరదలో దెబ్బతిన్న కింది భాగంలో తర్వాత పలకలకు బదులు రంగులు పూసి సరిపెట్టారు. అలాంటి పలకలు చేయగలవాళ్లను ఇప్పుడైనా నిలబెట్టుకోవద్దా?

జాబితా మార్చడం కేంద్రం చేతిలో ఉందని తెలుసు. రాష్ట్రం తరఫున తమరు ఒక లేఖ రాయవచ్చు కదా! కనీసం బట్టీ పెట్టే రోజున ఒక అధికారిని పంపండి. నా చేతులు చూశాక ఇది ఫ్యాక్టరీ సరుకో కాదో చెప్పమనండి. అవునో కాదో, ఈసారి రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. దయచేసి ఇప్పించండి.

ఇట్లు,
పలకల మీద రాసే ఒక పనిమంతురాలు,
విజయనగరం