గురక ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు

సంపాదకులకు,

నిద్రలో పదేపదే ఊపిరి ఆగే జబ్బు స్లీప్ ఆప్నియా. దానికి గొంతు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామంది, నిద్రలో ఊపిరి తీరును కొలిచే స్లీప్ స్టడీకి మళ్లీ రారు. గురక తగ్గింది, ఇంట్లోవాళ్లకూ నిద్ర పడుతోంది, ఇక పరీక్ష దేనికని అనుకుంటారు. ప్రమాదం ఉన్నది అక్కడే. గురక ఎక్కువగా వచ్చేది అంగిలి మెత్తటి భాగం, కొండనాలుక అదరడం వల్ల. యూపీపీపీ అనే ఈ గొంతు ఆపరేషన్‌లో టాన్సిల్స్ తీసేసి, కత్తిరించి బిగించి కుట్టేది ఆ భాగాన్నే. కానీ నిద్రలో గాలి దారి మూసుకుపోయేది అక్కడొక్కచోటే కాదు. నాలుక మొదలు వెనక్కి వాలినా, గొంతు పక్కగోడలు దగ్గరకొచ్చినా ఊపిరి ఆగుతుంది. చప్పుడు పోయి ఊపిరి ఆగడం మాత్రం మిగిలిపోతే, పక్కన పడుకున్నవాళ్లు తట్టి లేపడం కూడా ఉండదు.

1981లో ఫుజిటా బృందం ఈ జబ్బుకు యూపీపీపీని వర్ణించింది. 1996లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే ఫలితం కనిపించింది సుమారు 40 శాతం మందికే. పైగా ఆ ‘ఫలితం’ అన్న మాటకు కొలత ఏమిటో రోగికి ఎవరూ చెప్పరు. గంటకు ఊపిరి ఆగే, తగ్గే సార్ల సంఖ్య సగానికి పడిపోయి 20 లోపు ఉంటే ఆపరేషన్ సఫలమైనట్టే. 38 ఉన్న మనిషికి 18కి దిగితే కాగితం మీద అది విజయం. 15 దాటితే మధ్యస్థాయి జబ్బు కిందే లెక్క కాబట్టి ఆయనకు చికిత్స ఇంకా కావాలి.

ఆపరేషన్ పనికిరాదని మేం అనడం లేదు. 2013లో స్వీడన్‌లో, నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ మెషీన్‌ను తట్టుకోలేని రోగులను ఎంచుకుని చేసిన పరీక్షలో ఆర్నెల్లకు సగటు సంఖ్య 53 నుంచి 21కి తగ్గింది. ఆపరేషన్ లేకుండా ఆగినవాళ్లలో 47 దగ్గరే ఉండిపోయింది. ఎవరికి చేస్తున్నామన్నదే అసలు విషయం. నాలుక బయట పెట్టకుండా నోరు తెరిస్తే కొండనాలుక బాగా కనిపించి, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నవాళ్లకు అమెరికా ఈఎన్‌టీ సర్జన్ ఫ్రీడ్‌మన్ లెక్కల్లో 80 శాతం దాకా మేలు జరిగింది. టాన్సిల్స్ చిన్నవై, నాలుక అంగిలిని మూసేసేవాళ్లలో అది 8 శాతమే. ఈ రెండో రకం మనిషికి అంగిలి ఒక్కటే కోసి పంపించడం అన్యాయం.

ఇక కాలం సంగతి. 2019లో పాత ఫలితాలను కలిపి చూస్తే, మొదట్లో మూడింట రెండొంతుల మందికి కనిపించిన మేలు ఏళ్లు గడిచేసరికి సగం మందికి కూడా మిగల్లేదు. బరువు పెరగడం దీనికి పెద్ద కారణం. అమెరికాలో విస్కాన్సిన్‌లో మామూలు జనం మీద చేసిన అధ్యయనంలో బరువు 10 శాతం పెరిగితే ఈ సంఖ్య సగటున 32 శాతం పెరిగింది. వయసు మీద పడి కండరాలు సడలడం ఇంకో కారణం. కణజాలం మితిమీరి తీసేస్తే మచ్చ కట్టి, ముక్కు వెనక దారి ఇరుకైపోవడమూ ఉంది.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు గుటక వేయాలంటేనే నరకంగా ఉంటుంది. అయిదు నుంచి పది రోజుల మధ్య తెల్లటి పొర ఊడేటప్పుడు రక్తం పడవచ్చు; ఎర్రటి రక్తం ఉమ్మితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కొందరికి వంగి నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి. చాలామందికి ఇది కొద్ది వారాల్లో తగ్గుతుంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టుండటం, పొలమారడం, గొంతు ఎండిపోవడం మాత్రం కొందరిని ఏళ్ల తరబడి వదలవు. సంతకం పెట్టించుకునే ముందే ఇవన్నీ చెప్పాలి.

ఆస్పత్రులను మేం కోరేది చిన్న విషయం. డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్‌కు ముందున్న సంఖ్య, ఆక్సిజన్ పడిపోయిన కనిష్ఠ స్థాయి, ఆనాటి బరువు రాయండి. మూడు నుంచి ఆరు నెలల్లో చేయించాల్సిన స్లీప్ స్టడీ తేదీ కూడా దాని మీదే ఉండాలి. మొదట ల్యాబులో చేస్తే మళ్లీ ల్యాబులోనే చేయాలి. చాలా ఇంటి పరీక్షలు మేలుకున్న సమయాన్నీ లెక్కలో కలుపుకుంటాయి కాబట్టి సంఖ్య తక్కువ చూపిస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పటి సంఖ్యను విడిగా చూడాలి. ఆ తర్వాత బరువు పెరిగినా, పగటి కునుకు తిరిగొచ్చినా, బీపీ అదుపు తప్పినా మళ్లీ పరీక్ష చేయించాలి.

సీప్యాప్ ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని అమ్మేయకండి. మళ్లీ వాడాల్సి వస్తే నోట్లోంచి గాలి లీకవుతుందేమో చూసుకుని మాస్కు, ప్రెజర్ కొత్తగా సరిచేయించుకోవాలి. మరో పదేళ్లకు హెర్నియాకో మోకాలికో ఆపరేషన్ అయితే, ‘గురకకు ఎప్పుడో చేయించుకున్నాను’ అని ఊరుకోకుండా మత్తు డాక్టరుకు స్లీప్ ఆప్నియా సంగతి చెప్పి, పాత రిపోర్టులు చేతికివ్వండి.

— ఈఎన్‌టీ, స్లీప్ ల్యాబ్ వైద్యులు, కర్నూలు