బ్రీదర్లు మూసేసి బండి అప్పగించారు: మీ వర్క్‌షాపుపై ఫిర్యాదు

విశాఖపట్నం,
నవంబర్ 18.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నిస్సాన్ వన్ టన్ బండికి బ్రీదర్ల (హౌసింగుల్లోకి గాలి వచ్చిపోయే చిన్న మూతుల) పని సరిగా చేయక బ్రేకులు పాడైన సంగతి.

అయ్యా,

ఆర్మీ డిస్పోజల్ వేలంలో కొన్న నా నిస్సాన్ వన్ టన్, జబల్పూర్ వెహికల్ ఫ్యాక్టరీ బండి, అక్టోబరు మొదట్లో మీకు అప్పగించాను. పెయింటు, వించ్, ముందు యాక్సిల్‌కి కొత్త ఆయిల్ సీళ్లు. వీటన్నిటికంటే ముఖ్యంగా రెండు యాక్సిళ్లు, గేర్‌బాక్సు, ఇంజన్ బలాన్ని రెండు యాక్సిళ్లకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుల బ్రీదర్లకు గొట్టాలు వేసి బానెట్ కింద ఎత్తుగా కట్టమని జాబ్ కార్డులో రాయించాను. దానికే మీరు 7,400 రూపాయలు వేస్తే పైసా తగ్గించమనలేదు.

గెడ్డలు, అంటే వాగులు, దాటే బండికి అదే ప్రాణం. పరుగు మీద హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది. చన్నీళ్లలో దిగగానే చల్లబడి బయటి గాలిని లాక్కుంటుంది. బ్రీదర్ మూసుకుపోతే వేడికి సీళ్లలోంచి ఆయిల్ బయటకు తన్నుతుంది, గెడ్డలో అదే దారిన నీళ్లు లోపలికి వెళ్తాయి.

నవంబర్ 9న మా నాన్నగారితో అనంతగిరి దగ్గర రెండు గెడ్డలు దాటాను. సాయంత్రం ఎస్.కోట వైపు ఘాట్ దిగుతుంటే, డముకు దాటాక బ్రేకు తొక్కగానే బండి ఎడమకి లాగేసింది. ట్రాన్స్‌ఫర్ కేసుని తక్కువ వేగం గేరులో (లో-రేంజ్) వేసుకుని, ఇంజన్ పట్టు మీదే నడక వేగంతో కిందకి చేరాం. వెనక బస్సు హారన్ ఆపలేదు. ఆ అరగంట నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి.

శివలింగపురం దగ్గర కుడి ముందు బ్రేకు డ్రమ్ము విప్పితే బ్రేకు షూలు గేరాయిల్‌లో తడిసి నల్లగా మెరుస్తున్నాయి, గంధకం కంపు. మా నాన్నగారు ఆర్మీలో ఇరవై రెండేళ్లు ఇలాంటి బళ్లు తోలారు. డ్రమ్ము వంక చూడనైనా చూడకుండా కిందకి దూరి, బ్రీదర్‌ని వేలితో తడిమి, "దీనికి ఊపిరాడట్లేదురా, అందుకే కక్కేసింది" అన్నారు.

మర్నాడు మీ గొట్టాలు పీకాను. ముందు యాక్సిల్ బ్రీదర్ మూతి నిండా మీ ఆకుపచ్చ పెయింటు గట్టిపడి ఉంది. వెనకదీ అంతే. సూదితో పెచ్చు లేపగానే వెనక హౌసింగ్ ఉస్సుమంటూ గాలి పీల్చింది. ముందు డ్రెయిన్ ప్లగ్ విప్పితే, మీరు నెల కిందట పోసిన ఆయిల్ నీళ్లు కలిసి పాలెక్కువైన కాఫీలా కారింది. ఫొటోలు జతచేశాను.

ఫోన్ చేస్తే మీ వాళ్లు "పాత మిలిటరీ బండి సార్, సీళ్లు పోవడం మామూలే" అన్నారు. పాత బండే. ఆ సీళ్లు మాత్రం మీరే మార్చారు, బిల్లులో ఉంది.

ముందు యాక్సిల్ మొత్తం విప్పి కడిగి, బేరింగులు చూసి, సీళ్లూ, రెండు వైపులా షూలూ కొత్తవి మీ ఖర్చుతో వేయాలి. ఆయిల్ తాగిన షూ లైనింగు ఎంత కడిగినా వేడికి మళ్లీ ఊరుతుంది, కాబట్టి పాతవే కడిగి వేస్తామంటే ఒప్పుకోను. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్లు నా ముందే ఊది చూపించాలి. 7,400 వాపసు ఇవ్వాలి. పదిహేను రోజుల్లో ఇవి జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇంకొకటి, దీనికి పదిహేను రోజులు ఆగొద్దు. నా బండి మీ దగ్గరున్నప్పుడే మీ షెడ్డులో రెండు జోంగా మిలిటరీ జీపులకి పెయింటు కొడుతున్నారు. లంబసింగి వెళ్తామని వాటి యజమానులు మాట్లాడుకోవడం విన్నాను. వాళ్లకి ఇవాళే ఫోన్ చేసి, బ్రీదర్లు చూసుకునేదాకా ఘాట్ ఎక్కొద్దని చెప్పండి.

ఇట్లు,
ఆకుపచ్చ నిస్సాన్ యజమాని