యాభైకే పింఛనంటారు, ఆ యాభై ఎట్లా చూపించాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. దగ్గర్లోని గిరిజన కాలనీ నుంచి యానాదులు కాగితాల పని మీద మా షాపుకి వస్తుంటారు. పోయిన నెల ఒక అవ్వ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పీతలు పట్టీ పట్టీ, రొయ్యల గుంటల్లో బురద తీసీ ఆమె వేళ్లు ఎంత అరిగిపోయాయంటే, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించినా వేలిముద్రల మిషన్ ఒక్కటీ తీసుకోలేదు. కొంగుతో తుడుచుకుంటూ "ఇంకోతూరి పెడతా నాయనా" అంటానే ఉంది.

అసలు సంగతి కార్డు చూశాక తెలిసింది. ఆధార్‌లో ఆమె పుట్టింది 1983, కూతురు పుట్టింది 1987. తల్లికీ బిడ్డకీ నాలుగేళ్లే తేడా! కార్డు తీసిన రోజు ఎవరో అంచనాగా కొట్టిన అంకె అది. ఆ అంకె వల్లే ఇప్పుడు ఆమెకి పింఛను లేదు. మన రాష్ట్రంలో గిరిజనులకు వృద్ధాప్య పింఛను 50 ఏళ్లకే ఇస్తారు, మిగతావాళ్లకి 60. నెలకి 4,000 రూపాయలు. మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్న ఈ అవ్వకి కార్డు లెక్కన యాభై నిండేది 2033లో. అప్పటిదాకా ఆ గుంటల్లో దిగాల్సిందేనా?

మార్పించుకోమంటారు. బర్త్ సర్టిఫికెట్టో, స్కూలు టీసీయో తెమ్మంటారు. కాలవ గట్టు మీద గుడిసెలో పుట్టి, బడి గడప తొక్కని మనిషికి అవి ఎక్కడ్నుంచి వస్తాయి? ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు చూపిస్తారు, పోయిన ప్రతిరోజూ కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే.

ఇంకో మాట కూడా చెప్పాలి. యానాదుల మీద బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగ అని ముద్ర వేశారు, ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లోనే. చట్టం పోయినా భయం పోలేదు. ఆఫీసులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, ఎదురు ప్రశ్న వేయకుండా వెనక్కి వచ్చేస్తారు. నేను కళ్లారా చూశాను.

యానాదుల కోసమని నెల్లూరులో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. కానీ వీళ్లు ఏజెన్సీలో లాగా ఒక్కచోట లేరు, ఈ ఊరి చివర ఇరవై ఇళ్లు, ఆ చెరువు కట్ట మీద పది ఇళ్లు. నల్లమల చెంచులకైతే, బాగా వెనకబడిన గిరిజన తెగల జాబితాలో ఉన్నవాళ్ల కోసం 2023లో వచ్చిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద ఆధార్, కుల ధ్రువీకరణ పత్రాల కోసం గూడేల్లోనే క్యాంపులు పెట్టారు. యానాదులు ఆ జాబితాలో లేరు. జాబితాలో లేకపోతే ఏం, కష్టం అదే కదా! ఇక్కడ కూడా నెలకొకసారి ఆధార్ కిట్టు కాలనీకే రావాలి, అదీ పనికి పోయినవాళ్లు తిరిగొచ్చాక, సాయంత్రం పూట. డాక్టర్ని కూడా తీసుకొచ్చి, బిడ్డల, మనవళ్ల వయసులు చూసి అక్కడే పెద్దవాళ్ల వయసు తేల్చాలి. కాలనీలోనే చదువుకున్న పిల్లనో పిల్లాడినో జీతమిచ్చి పెట్టుకుంటే ముసలివాళ్లు బెదరకుండా వాళ్ల మాటల్లో వాళ్లు చెప్పుకుంటారు. యానాదుల కోసం బతుకంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారికి 1973లో పద్మభూషణ్ వచ్చింది, ఆయన మన జిల్లా మనిషే. అలాంటి జిల్లాలో ఇంతమాత్రం చేయలేమా?

ఆ అవ్వవీ, కూతురివీ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి నా టేబుల్ సొరుగులో ఉంచాను. ఏ అధికారి అయినా అడిగితే షాపు మూసి నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా